ఇంజను చమురు మార్చేదెవరు? మాడితే కట్టేదెవరు?

కృష్ణా డెల్టా శివారు భూముల్లో ఆయిల్ ఇంజను సంగతి తెలియని కూలీ లేడు. కాల్వ నీరు చివరి చేలదాకా రాదు. వచ్చినా మెరక చేను ఎక్కదు. అప్పుడు ఆసామి ట్రాక్టరు ట్రక్కులో ఇంజను తెచ్చి మురుగు కాల్వ గట్టు మీద దించుతాడు. పైపులు బిగిస్తాడు. డీజిలు డబ్బా ఒకటి పెట్టి, ఒక కూలీని కాపలా వుంచి ఇంటికి పోతాడు. ఇక ఆ రాత్రంతా, మర్నాడంతా ఇంజను దగ్గర వుండేవాడు ఆ కూలీయే. డీజిలు పోసేది అతను. ఫుట్‌వాల్వుకు పట్టిన నాచు, గుర్రపుడెక్క పీకేది అతను. పాములు తిరిగే గట్టున గోనెపట్టా పరుచుకుని నడుం వాల్చేది అతను. ఇంజను మాత్రం అతనిది కాదు. అది మాడిపోయిన రోజున మాత్రం అతని మెడకు చుట్టుకుంటుంది.

కొన్నేళ్ళ కిందట ఒక సార్వాలో మా ప్రాంతంలో ఇదే జరిగింది. ఊరి పేరు, ఆసామి పేరు రాయను. అలాంటి ఊళ్ళు, అలాంటి ఆసాములు చాలానే వున్నారు గనుక ఎవరికి వారు పోల్చుకోవచ్చు. ఊడ్పులు అయిన తర్వాత వాన మొహం చాటేసింది. మూడు వారాలు గట్ల మీద ఇంజన్లు ఆగకుండా నడిచాయి. ఒక తెల్లవారుజామున అయిదు హార్స్‌పవర్ ఇంజను ఒకటి లోపల ఏదో సుత్తితో కొట్టినట్టు టకటకలాడి, నల్లగా పొగ కక్కి ఆగిపోయింది. హ్యాండిలు వేసి తిప్పబోతే చక్రం కదలలేదు. మెకానిక్కు విప్పి చూసి బేరింగులు కాలాయి, పిస్టను బోరును పట్టేసింది అన్నాడు. ఆసామి వస్తూనే, "ఏరా, నిద్రపోయావా? ఆయిలు చూసుకోవద్దా?" అని ఆ కుర్రవాడి మీద పడ్డాడు. సాయంత్రం రావిచెట్టు కింద తగవు పెట్టారు. బాగుచేత ఖర్చులో సగం కూలీలో కోసుకోమని పెద్దలు తేల్చారు. కోతల కాలం వచ్చేదాకా ఆ కుర్రవాడు చేసిన పనిలో చాలాభాగం ఆ బాకీ కిందికే పోయింది.

సంఘం తరఫున మేం నలుగురం వెళ్ళి వాదించాం. కాని మా చేతిలో ఏముంది? చాంబరులోంచి తీసిన నూనె తారులా వుందనీ, దాన్ని ఎన్నాళ్ళుగానో మార్చలేదనీ మెకానిక్కు మాకు చాటుగా చెప్పాడు. అదే మాట పెద్దల ముందు చెప్పమంటే, "రేపు నేను మళ్ళీ ఆయన గుమ్మానికే పనికి పోవాలన్నా, నన్నొదిలెయ్" అన్నాడు. అతన్ని తప్పు పట్టలేం.

నన్ను నేను తప్పు పట్టుకోవలసిన విషయం ఒకటుంది. అంతకు ముందు వారమే ఆ కుర్రవాడు నాతో, "అన్నా, ఇంజను శబ్దం మారింది. ఆయిలు పుల్లకి జిగురులా అంటుకుంటంది. ఏం చెయ్యమంటావ్?" అని అడిగాడు. "అది ఆసామి చూసుకునే పని, మనకెందుకు తమ్ముడూ" అన్నాను. నాకు అప్పుడు ఇంజను సంగతి ఏమీ తెలియదు. తెలియకపోగా, తెలుసుకోవడం సంఘం పని కాదనుకున్నాను. ఆ తర్వాత రెండు సీజన్లపాటు మెకానిక్కుల పక్కన కూచుని, కంపెనీ పుస్తకాలు ఒక్కొక్క ముక్కా కూడబలుక్కుని చదివి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

కందెన కథే ఇది

ఎడ్లబండి తోలిన మన పెద్దలకు కందెన అంటే ఏమిటో తెలుసు. వరిగడ్డి కాల్చిన మసి ఆముదంలో కలిపి ఇరుసుకు పెట్టేవారు. కందెన లేని బండి కీచుమంటుంది, ఇరుసు అరుగుతుంది, ఎడ్లు అలిసిపోతాయి. ఇంజను చాంబరులోని నూనె చేసేది ఆ పనే, ఇంకా నాలుగు పనులు అదనం. ఇనుము ఇనుమును రాసుకోకుండా మధ్యన పొరలా నిలుస్తుంది. పిస్టను దగ్గర పుట్టే వేడిలో కొంత మోసుకుపోతుంది. మసిని, ఇనుప రజనును తనలో కలుపుకుని భాగాలకు అంటకుండా చూస్తుంది. తుప్పు పట్టనివ్వదు. ఇలా చేసి చేసి నూనెలోని మందులు అయిపోతాయి. మసి నిండుతుంది. కొంత డీజిలు, కొంత చెమ్మ కలుస్తాయి. అప్పుడు అది నూనెగా పనిచెయ్యదు, రాపిడి పెంచే మడ్డి అవుతుంది.

ఇక్కడ ఒక పొరపాటు చాలామందికి వుంది. నూనె నల్లబడగానే పాడైందనుకుంటారు. డీజిలు ఇంజనులో కొత్త నూనె పోసిన కొద్ది గంటల్లోనే నల్లబడుతుంది. మసిని తనలోకి తీసుకుంటున్నది గనుక నల్లబడింది, అంతే. చూడవలసినవి వేరే వున్నాయి. పుల్ల తీసి రెండు వేళ్ళ మధ్య రుద్దితే ఇసుక తగిలినట్టు గరగరలాడుతున్నదా? ఎండలో పట్టి చూస్తే మిలమిల మెరిసే రజను వుందా? మజ్జిగలా తెల్లబడిందా? తెల్లబడితే నీరు కలిసిందని అర్థం. అది వాననీరన్నా కావాలి, హెడ్డు గ్యాస్కెట్టు పోయి చల్లబరిచే నీరన్నా దిగి వుండాలి. పొయ్యకుండానే మట్టం పెరిగిందా? అలా పెరిగిందంటే నీరో, డీజిలో చాంబరులోకి దిగుతున్నది. ఈ నాలుగింట్లో ఏది కనపడినా ఇంజను ఆపి ఆసామికి కబురు పెట్టాలి. నడిపితే మాడుతుంది.

ఇక గడువు సంగతి. చిన్న ఇంజన్లకు కంపెనీలు చెప్పే గడువు సాధారణంగా 100 గంటలకు, 250 గంటలకు మధ్యన వుంటుంది. ట్రాక్టర్లకు 250 గంటలన్నది చాలా కంపెనీల మాట. కలుపుతీసే యంత్రాలకు వచ్చే చిన్న పెట్రోలు ఇంజను కొత్తదైతే మొదటి మార్పు 20 గంటలకే చెయ్యాలి, ఆ తర్వాత 100 గంటలకొకసారి. దేనికైనా దాని పుస్తకంలో రాసిందే ప్రమాణం. 250 గంటలంటే వినడానికి పెద్ద లెక్కలా వుంటుంది. రోజుకు 20 గంటలు నడిస్తే పన్నెండున్నర రోజులు! పైన చెప్పిన ఇంజను ఆ మూడు వారాల్లోనే 400 గంటలు దాటింది. అంతకు ముందు ఎన్ని నడిచిందో దేవుడికెరుక. "సీజను అయిపోయాక మారుద్దాంలే" అనే మాట ఆసాముల నోట మనం రోజూ వింటాం. ఆ మాటకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో పైన చెప్పాను.

ట్రాక్టరుకు గంటల మీటరు వుంటుంది. గట్టు మీది ఇంజనుకు చాలావరకు వుండదు. మరి లెక్కెలా? డీజిలుతో కట్టవచ్చు. అయిదు హార్స్‌పవర్ ఇంజను నిండు బరువు మీద గంటకు సుమారు ఒక లీటరు తాగుతుంది. డీజిలు డబ్బాలు ఎన్ని పోశావో గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకున్నా చాలు, గంటలు సుమారుగా తేలతాయి.

కింద బోల్టు, పైన రంధ్రం

చమురు మార్చడానికి పాత పద్ధతి అందరికీ తెలిసిందే. చాంబరు అడుగున వున్న బోల్టు విప్పి, కింద పళ్ళెం పెట్టి కారనివ్వాలి. ట్రాక్టరు కింద దూరే జాగా వుంది గనుక అక్కడ అది కుదురుతుంది. గట్టు మీది ఇంజను చెక్కల మీద కూచుని వుంటుంది. బోల్టుకూ బురదకూ మధ్య నాలుగు వేళ్ళ సందు కూడా వుండదు. పళ్ళెం దూరదు. ఇంజను ఎత్తాలంటే నలుగురు మనుషులు కావాలి. అందుకని ఏం చేస్తున్నారు? బోల్టు విప్పి నూనెను గట్టు మీదికే వదిలేస్తున్నారు. అది జారి కాల్వలో పడుతుంది, ఆ కాల్వ నీరే మళ్ళీ చేలోకి పోతుంది. లేదంటే అసలు మార్చడమే మానేస్తున్నారు.

సముద్రం మీద తిరిగే మోటారు పడవల వాళ్ళకు ఈ ఇబ్బంది ఎప్పటినుంచో వుంది. పడవ అడుగున ఇంజను కింద జాగా ఎక్కడిది? అందుకని వాళ్ళు నూనెను కింద నుంచి వదలరు, పైనుంచి లాగుతారు. నూనె మట్టం చూసే పుల్ల పెట్టే రంధ్రం వుంటుంది కదా, దాంట్లోంచి సన్నని గొట్టం చాంబరు అడుగుదాకా దింపి, చేతిపంపుతో లాగి డబ్బాలో పట్టుకుంటారు. ఈ పనికి తయారైన డబ్బాలు ఇప్పుడు పట్నాల్లో పనిముట్ల కొట్లలో దొరుకుతున్నాయి. కార్ల వాళ్ళు ఇంటి దగ్గరే వీటితో చమురు మార్చుకుంటున్నారు. చూడడానికి మూత బిగించిన మందపాటి ప్లాస్టిక్ డబ్బా. పైన సైకిలు పంపులాంటి పిడి. పక్కన గొట్టం. సైకిలు పంపు గాలిని కొడుతుంది, ఇది గాలిని తోడుతుంది. మా దగ్గర కుర్రాళ్ళు దీనికి "సక్షన్ డబ్బా" అని పేరు పెట్టారు.

ఇది పనిచేసే తీరు మనకు కొత్తదేమీ కాదు. బావి దగ్గర పంపు నీళ్ళు ఎలా తోడుతుంది? పంపు లోపల గాలి ఖాళీ అయితే, బావిలోని నీటి మీద బరువు వేసి వున్న బయటి గాలి ఆ నీటిని పైపులోకి నెడుతుంది. గాలి బరువు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. ఆ బరువు నీటిని పది మీటర్లకు మించి ఎత్తలేదని, ఎందుకు ఎత్తలేదో 1643 ప్రాంతంలో ఇటలీలో టారిచెల్లి పాదరసం గొట్టంతో తేల్చాడు. నీరు లోతుకు పోయినప్పుడు బావి గోడకు గూడు తవ్వి మోటారును కిందికి దించేది అందుకే. ఇరవై, ఇరవై అయిదు అడుగులు దాటితే పంపు అందుకోదని మన రైతులకు పుస్తకం చదవకుండానే తెలుసు. ఇంజను చాంబరులోంచి డబ్బాలోకి నూనె ఎక్కవలసింది రెండు మూడు అడుగులే. అందుకని చేతిపంపు చాలు.

పాత వంటనూనె రేకు డబ్బాతో సొంతంగా ఒకటి చేద్దామని మాలో ఒకాయన పూనుకున్నాడు. మూత అతికించి, సైకిలు పంపు వాషరు తిరగేసి బిగించి, నాలుగుసార్లు లాగాడు. డబ్బా పెద్ద చప్పుడుతో అప్పడంలా నలిగిపోయింది. అరచేయి మేర జాగా మీద గాలి వంద కిలోల బరువు వేస్తుంటే పల్చటి రేకు ఆగుతుందా? నవ్వుకున్నాం గాని, ఆ రేకు చెయ్యి కోసి వుంటే నవ్వే పని కాదు. కాబట్టి ఈ పనికి తయారైన డబ్బానే కొనండి. ఒక్కడికి భారమైతే గట్టు మీద పనిచేసే పదిమంది చందా వేసుకుంటే ఒక ఊరికి ఒకటి సరిపోతుంది.

పని చేసే తీరు

ముందుగా ఇంజనును అయిదు పది నిమిషాలు నడపాలి. చల్లటి నూనె చిక్కగా వుండి గొట్టం ఎక్కదు. అడుగున పేరుకున్న మడ్డి కూడా నడిస్తేనే కలుస్తుంది. ఆపిన తర్వాత కాసేపు ఆగండి. పైనున్న నూనె చాంబరులోకి దిగాలి, మరిగే వేడి తగ్గాలి. మరీ వేడిగా వుంటే ప్లాస్టిక్ గొట్టం మెత్తబడి మూసుకుపోతుంది, చేతులూ కాలతాయి. గోరువెచ్చన దాటి, చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగినంత వేడి బాగుంటుంది.

పుల్ల తీసి, దాని పక్కన గొట్టం పెట్టి పొడవు పోల్చుకోండి. గొట్టం పుల్లకంటే కొంచెం ఎక్కువగా దిగి, అడుగు తగిలినట్టు చేతికి తెలియాలి. బలవంతంగా తోయకూడదు, లోపల తిరిగే భాగాలకు చిక్కుకుంటుంది. డబ్బా పంపు పదిసార్లో ఇరవైసార్లో లాగితే నూనె గొట్టంలో ఎక్కడం కనబడుతుంది. ఒకసారి ఎక్కడం మొదలుపెట్టాక తనంత తానే వస్తుంది. గుడగుడమని గాలి లాగిన శబ్దం వచ్చినప్పుడు అయిపోయిందనుకోవద్దు. గొట్టాన్ని కాస్త అటూ ఇటూ జరిపి, పైకీ కిందికీ ఆడించి మళ్ళీ లాగండి. వీలుంటే ఇంజను ఆ రంధ్రం వున్న వైపుకు ఒరిగేలా చెక్క పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యమైనది తర్వాత వస్తుంది. వచ్చిన నూనెను కొలవాలి. చాంబరుకు పట్టేది మూడు లీటర్లు అనుకోండి, బయటికి వచ్చింది రెండున్నరే అయితే లోపల అర లీటరు మిగిలిందని అర్థం. లేదా మట్టం ముందే తగ్గి వుండవచ్చు. రెండూ తేల్చకుండా కొత్త నూనె మూడు లీటర్లూ కుమ్మరిస్తే మట్టం పై గీత దాటుతుంది. తక్కువ నూనె ఎంత చెడ్డదో ఎక్కువ నూనె కూడా అంత చెడ్డది. తిరిగే భాగాలు దాన్ని నురగ కొడతాయి, సీళ్ళు కారతాయి, పొగ వస్తుంది. డీజిలు ఇంజనైతే ఆ నూనెనే ఇంధనంగా తాగి, డీజిలు కట్టేసినా ఆగకుండా పిచ్చెత్తినట్టు పరుగెత్తే ప్రమాదం కూడా వుంది. అందుకని కొంచెం కొంచెం పోస్తూ, పుల్ల మీది రెండు గీతల మధ్యకు తెచ్చి, ఒక నిమిషం నడిపి ఆపి మళ్ళీ చూసుకోవాలి.

ఫిల్టరు వున్న ఇంజనైతే పుస్తకం చెప్పిన గడువుకు అదీ మార్చాలి. కొత్త ఫిల్టరు రబ్బరు అంచుకు కాస్త నూనె రాసి చేత్తో బిగిస్తే చాలు, పానాతో బిగిస్తే తర్వాత రాదు. జల్లెడ మాత్రమే వున్నదైతే డీజిల్లో కడగాలి. వీపున వేసుకునే మందుకొట్టే పెట్రోలు మిషన్లలో పెట్రోల్లోనే నూనె కలిపి పోసేవి చాలా వున్నాయి. వాటికి చాంబరే వుండదు, మార్చవలసిన నూనే లేదు. అలాంటి మిషనులో రంధ్రం కోసం వెతికి మరలు విప్పిన మిత్రులు వున్నారు గనుక చెబుతున్నాను.

డబ్బాలో వున్న నూనె ఏ రకం? డీజిలు ఇంజనుకు డబ్బా మీద "సీ"తో మొదలయ్యే గుర్తు వుండాలి, "ఎస్"తో మొదలయ్యేది పెట్రోలు ఇంజన్లకు. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40 వంటి అంకెలు చిక్కదనానికి గుర్తు. మొదటిది చలిలో, రెండోది వేడెక్కాక. ఇంజను పుస్తకం ఏది అడిగితే అదే పొయ్యాలి. విడిగా లీటర్ల లెక్కన అమ్మే లూజు నూనె కొనవద్దు. వాడేసిన నూనెను వడగట్టి, రంగు తేర్చి పాత డబ్బాల్లో నింపి అమ్మే దొంగ వ్యాపారం వుంది. అందుకే ఖాళీ డబ్బాను పారేసేముందు కత్తితో కోసెయ్యండి.

ఈ డబ్బాకు వున్న లోపం కూడా చెప్పాలి. గొట్టం అందుకోలేని మూలల్లో మడ్డి కొంత మిగిలిపోతుంది. బోల్టు విప్పితే దానికి అంటుకున్న ఇనుప రజను చూసి లోపల ఏం అరుగుతున్నదో మెకానిక్కు చెప్పగలడు. పైనుంచి లాగితే ఆ అవకాశం లేదు. కనుక సీజను ముగిసి ఇంజను ఇంటికి చేరినప్పుడు ఒకసారి బోల్టు విప్పి పూర్తిగా కార్చడం మంచిది. గట్టు మీద వున్నన్నాళ్ళూ డబ్బాతో లాగవచ్చు.

నోటితో లాగవద్దు

డబ్బా ఎందుకు, గొట్టం నోట్లో పెట్టుకుని లాగితే రాదా అనేవాళ్ళు వుంటారు. డీజిలు అలా లాగడం మన గట్ల మీద రోజూ చూస్తున్నాం. డీజిలుగాని, పెట్రోలుగాని, నూనెగాని ఒక్క గుటక దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడి పొరలను కాల్చేస్తుంది. దగ్గు, ఆయాసం, జ్వరం పట్టుకుంటాయి. ప్రాణం కూడా పోవచ్చు. మింగినవాడికి ఉప్పునీళ్ళు తాపి వాంతి చేయించడం మరీ ప్రమాదం. కడుపులోకి పోయింది తిరిగి పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అలాగని ఈ డబ్బాను పెట్రోలు లాగడానికి వాడవద్దు. ఆవిరి చేరి మంట అంటుకోవచ్చు. ఇది ఇంజను నూనెకే.

చేతులకు అంటిన నల్ల నూనె కూడా నిరపాయమైనది కాదు. ఇంగ్లండులో లాంకషైర్ నూలు మిల్లుల్లో మ్యూల్ అనే రాట్నపు యంత్రాల దగ్గర పనిచేసే కార్మికులు రోజంతా నూనె ఓడే కడ్డీల మీదికి వంగేవారు. వాళ్ళ లాగులు నూనెతో తడిసి వుండేవి. ఏళ్ళు గడిచాక వాళ్ళలో వృషణాల చర్మానికి క్యాన్సరు రావడం వైద్యులు చూశారు. 1922లో మాంచెస్టరు వైద్యులిద్దరు అలాంటి రోగుల వివరాలు ప్రచురించి, కారణం అలాంటి నూనె కావచ్చునన్నారు. యంత్రాలకు ఏ నూనె వాడాలో, కార్మికులకు వైద్య పరీక్షలు ఎలా జరపాలో చెబుతూ ప్రత్యేక నిబంధనలు వచ్చింది 1953లో. ముప్పయ్యేళ్ళు! ఇవాళ్టి కొత్త నూనె ఆనాటి నూనెకంటే ఎంతో శుద్ధి చేసింది. అయితే వాడిన నూనెలో ఇంజను మసి, దానితో పుట్టిన విషాలు చేరి వుంటాయి. మన డ్రైవరు తమ్ముళ్ళు నూనె తుడిచిన గుడ్డను ఎక్కడ దోపుకుంటారు? లుంగీ మొలలో! ఆ అలవాటు మానాలి. చేతులు తుడవడానికి డీజిలు వాడకుండా, వరి ఊకో, రంపపు పొట్టో రుద్ది సబ్బుతో కడగాలి. సక్షన్ డబ్బాలో నాకు నచ్చిన గుణం ఇదే, పని సరిగా చేస్తే చేతికి చుక్క అంటదు.

తీసిన నూనె ఏం చెయ్యాలి? గేదెల గజ్జికి రాస్తున్నారు, కట్టెపుల్లలు ముంచి పొయ్యి రాజేస్తున్నారు, కాల్వలో పోస్తున్నారు. ఈ మూడూ వద్దు. నీళ్ళు, ఇతర మందులు కలపకుండా మూత వున్న డబ్బాలో దాచి, పట్నంలో వాడిన నూనె తీసుకునే గ్యారేజీకి ఇవ్వాలి. వాడిన నూనె ప్రమాదకర వ్యర్థమని 2016 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. నూనె తయారుచేసే కంపెనీలే వాడిన నూనె తిరిగి శుద్ధి అయ్యేలా చూడాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. కాగితం మీద బాగానే వుంది. మా గట్టు మీదికి మాత్రం ఏ కంపెనీ బండీ రాలేదు. ప్రతి మండల కేంద్రంలో ఒక డ్రమ్ము పెట్టించమని అడగడం మన సంఘాలు ఎత్తుకోవలసిన కోరిక.

నూనె పుస్తకం

ఇంత చెప్పాక మళ్ళీ మొదటి విషయానికి వస్తాను. ఆ కుర్రవాడి కూలీ కోసింది కాగితం లేక. నూనె ఎప్పుడు మార్చారో ఎక్కడా రాసి లేదు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం మొదట ఫ్యాక్టరీలు, రైల్వేల కార్మికుల కోసం వచ్చింది. నష్టం పేరుతో జీతంలో కొయ్యాలంటే ఆ నష్టం కార్మికుడి నిర్లక్ష్యంవల్లే జరిగి వుండాలని, కోసేముందు అతని సంజాయిషీ వినాలని, జరిగిన నష్టానికి మించి కొయ్యరాదని అందులో రాశారు. రావిచెట్టు కింద తగవుల్లో ఈ న్యాయం ఎవరు పాటించారు?

మరుసటి ఏడాది దాళ్వాకు మేం ఎక్సర్‌సైజు పుస్తకాలు కొని ఇంజను కాపలా వుండేవాళ్ళకు ఇచ్చాం. తేదీ, పోసిన డీజిలు, పుల్ల మీది మట్టం, నూనె మార్చిన రోజు, ఏదైనా తేడా కనిపిస్తే అది, ఎవరికి చెప్పారో వారి సంతకం. రాయడం రానివాళ్ళకు బడికి పోయే పిల్లలు రాసిపెట్టారు. ఆసాములు మొదట నవ్వారు. "ఇంజనుకి జాతకం రాస్తున్నారా?" అన్నారు.

ఫిబ్రవరిలో ఒక ఇంజను నూనె మజ్జిగ రంగుకు తిరిగింది. కాపలావాడు నడివయసు మనిషి, అక్షరం ముక్క రాదు. కూతురి చేత రాయించాడు, పొద్దున్నే ఆసామి ఇంటికి పుస్తకం పట్టుకుపోయాడు. ఆసామి చూసి, "ఇంకో రెండు రోజులు నడపరా, చేను ఎండిపోతంది" అన్నాడు. "అట్టాగే నండి, ఆ మాటే ఇక్కడ రాసి సంతకం పెట్టండి" అన్నాడు ఈయన. ఆసామి కస్సుమన్నాడు గాని, చివరికి ఆయన కొడుకు పెట్టాడు సంతకం. రెండో రోజు రాత్రి ఇంజను పట్టేసింది. తగవు మళ్ళీ రావిచెట్టు కిందికే వచ్చింది. పుస్తకం తీసి పెద్దల చేతికిచ్చాం. పది నిమిషాల్లో తేలిపోయింది. ఒక్క రూపాయి కోత పడలేదు.

ఈ పద్ధతి మీద మా సంఘంలోనే వాదన నడిచింది. "యంత్రం ఆసామిది. దాని పోషణ మన కూలీలకు నేర్పడమంటే ఆసామికి ఉచితంగా మెకానిక్కును ఇచ్చినట్టే కదా?" అని ఒక సీనియరు నాయకుడు అడిగాడు. మాటలో నిజం వుంది. నీళ్ళు పెట్టడానికి మాట్లాడుకున్న కూలీకి నూనె మార్చడం అదనపు పని. కలుపు యంత్రాలు, కోత యంత్రాలు వచ్చి చేతిపని తగ్గిపోతున్న ఈ రోజుల్లో యంత్రం దగ్గర నిలబడగలిగిన కూలీకి బేరమాడే బలం కొంత వుంటుందని, ఆ బలాన్ని ఉచితంగా ధారపొయ్యకూడదని చివరికి నిర్ణయించాం. ఒకసారి నూనె మారిస్తే సగం రోజు కూలీ అదనంగా ఇవ్వాలి, నూనె, ఫిల్టరు, సబ్బు ఆసామి కొనాలి. ఈ కోరికను ఊడ్పులకు ముందే, కూలీ రేట్లు మాట్లాడేటప్పుడే పెట్టాం. ఎక్కువమంది ఒప్పుకున్నారు. ఇద్దరు ఒప్పుకోలేదు, వాళ్ళ ఇంజన్లకు మెకానిక్కే వస్తున్నాడు, పిలిచిన మూడో రోజుకు.

మొదటి ఇంజను దగ్గర కూలీ పోగొట్టుకున్న ఆ కుర్రవాడి ఇంట్లోనే ఇప్పుడు మా సక్షన్ డబ్బా వుంటుంది. ఎవరికి కావాలన్నా సంతకం పెట్టి తీసుకుపోవాలి. తిరిగి ఇచ్చేటప్పుడు గొట్టం తుడిచి, డబ్బా ఖాళీ చేసి ఇవ్వాలి. ఈ షరతు అతనే పెట్టాడు.